పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా? హాకీ కుర్రాళ్ల మీద అభిమానుల జోస్యాలు

2019 జూన్ నెలాఖరులో నా నోటుబుక్‌లో ఒక పేరు కొట్టేశాను. వలేరి నిచుష్కిన్. అప్పటికి ముగిసిన సీజన్‌లో, అమెరికా, కెనడా జట్లు ఆడే ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో, డాలస్ స్టార్స్ తరఫున 57 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్క గోల్ వేయలేదు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. మంచు మీద దూసుకొస్తుంటే ఎదుటి డిఫెన్స్‌మన్‌కు పక్కకు తప్పుకోవడం తప్ప గత్యంతరం ఉండేది కాదు. తీరా గోల్ ముందుకొచ్చాక షాట్ వెళ్లి గోలీ, అంటే గోల్‌కీపర్ ఛాతీకి తగిలేది, లేదంటే స్టిక్ మీంచి పక్ అనే బిళ్ల జారిపోయేది. చివరికి కాంట్రాక్ట్‌లో మిగిలిన దానికి కొంత ముట్టజెప్పి జట్టు అతన్ని వదులుకుంది. ఆ సాయంత్రం, నాతో కలిసి మ్యాచ్‌లు చూసే మిత్రుడు ఫోన్ చేసి, "అయిపోయిందన్నా, ఇక ఎన్‌హెచ్‌ఎల్‌లో కనబడడు" అన్నాడు. నేనూ పేరు పక్కన "ముగిసింది" అని రాసి తేదీ వేశాను.

మూడేళ్లకు, 2022 జూన్‌లో, కొలరాడో అవలాంచ్ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. ఆ ప్లేఆఫ్స్‌లో నిచుష్కిన్ 9 గోల్స్ వేశాడు. అంతకుముందు లీగ్ సీజన్‌లో 25. కప్పు గెలిచిన కొన్ని వారాలకే కొలరాడో అతనికి 8 ఏళ్లకు 4.9 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చింది.

అదే నోటుబుక్‌లో వెనక్కి వెళ్తే 2013 పేజీలో కూడా అతని పేరుంది. కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో డాలస్ అతన్ని పదో స్థానంలో తీసుకున్న రోజు, "ఐదేళ్లలో ఏడాదికి 35 గోల్స్" అని రాసుకున్నాను. అదీ తప్పే. కానీ ఈ రెండు తప్పులూ ఒకటి కావు. మొదటిసారి ఆశ కొంచెం ఎక్కువైంది. రెండోసారి మాత్రం కళ్ల ముందున్నది చూడలేదు. గోల్ లేని ఆ 57 మ్యాచ్‌లలో కూడా అతను వెనక్కి పరుగెత్తి ఎదుటివాళ్ల దాడిని ఆపుతూనే ఉన్నాడు, పక్ లాక్కుంటూనే ఉన్నాడు. నేను గోల్స్ గడిలో ఉన్న సున్నా ఒక్కటే చూశాను. పదేళ్లకు పైగా కుర్రాళ్ల మీద జోస్యాలు రాసుకుంటూ వచ్చాక నాకు తేలిందేమిటంటే, "వీడు స్టార్ అవుతాడు" అన్న మాటకన్నా "వీడి పని అయిపోయింది" అన్న మాట దగ్గరే మనం ఎక్కువ మోసపోతాం.

మనవైపు హాకీ అంటే ధ్యాన్‌చంద్ గుర్తొస్తాడు, పచ్చగడ్డి గుర్తొస్తుంది. నేను చెబుతున్నది మంచు మీద స్కేట్లు కట్టుకుని, బంతి బదులు పక్ అనే నల్లటి రబ్బరు బిళ్లతో ఆడే ఆట. టెక్సాస్‌లో దీని మీద పిచ్చేమిటని ఊళ్లోవాళ్లు అడుగుతుంటారు. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉన్న డాలస్ శివారు ఫ్రిస్కోలోనే డాలస్ స్టార్స్ ఆఫీసూ, ప్రాక్టీస్ చేసే రింక్, అంటే మంచు మైదానమూ ఉన్నాయి. ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ల పిల్లలు కొందరు క్రికెట్ కిట్‌తో పాటు స్కేట్లు కూడా కారు డిక్కీలో పెట్టుకుని తిరుగుతున్నారు. నాకూ ఆ అలవాటు అలాగే అంటుకుంది.

ఇక డ్రాఫ్ట్ సంగతి. ఐపీఎల్ వేలం తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది, అయితే తేడా పెద్దది. వేలంలో జేబులో డబ్బుంటే ఎంతైనా పాడొచ్చు, ఆటగాడు చాలావరకు అప్పటికే పెద్దవాళ్లతో ఆడి ఉంటాడు. ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ధర అనేదే లేదు, వంతు మాత్రమే ఉంటుంది. 32 జట్లు, 7 రౌండ్లు, మొత్తం 224 పేర్లు. 1963లో మాంట్రియల్‌లో మొదలైంది. అట్టడుగున ఉన్న జట్లకు ముందు అవకాశం. కావాలని ఓడిపోకుండా ఉండేందుకు 1995 నుంచి లాటరీ పెట్టారు. ఇప్పటి లెక్కలో చివరి స్థానంలో ఉన్న జట్టుకైనా మొదటి వంతు వచ్చే అవకాశం 25.5 శాతమే. సెప్టెంబర్ 15 నాటికి పద్దెనిమిది నిండితేనే ఆ ఏడాది కుర్రాడికి అర్హత. అలెగ్జాండర్ ఒవెచ్కిన్ పుట్టింది సెప్టెంబర్ 17న. రెండు రోజుల తేడాతో 2003 డ్రాఫ్ట్ తప్పిపోయింది. ఫ్లోరిడా జట్టు మాత్రం, లీపు సంవత్సరాల్లో వచ్చే అదనపు రోజులు కలుపుకుంటే అతనికి వయసు సరిపోతుందని వాదించి, ఆ ఏడాదే చివరి రౌండ్‌లో అతని పేరు ఇవ్వబోయింది. లీగ్ ఒప్పుకోలేదు. మరుసటేడు అతను మొదటి పేరుగా వాషింగ్టన్‌కు వెళ్లాడు, 2025 ఏప్రిల్‌లో వేన్ గ్రెట్స్కీ 894 గోల్స్ రికార్డు దాటాడు.

ఒవెచ్కిన్ లాంటివాళ్లు అందరికీ కనబడతారు. అసలు చిక్కు మిగతా 223 మందితో. ఇంటర్ మార్కులు చూసి, పదేళ్ల తర్వాత వీళ్లలో ఎవరు మంచి సర్జన్ అవుతారో చెప్పమంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. పైగా ఒక్కొక్కరూ ఒక్కో బోర్డు పరీక్ష రాసి ఉంటారు.

ఈ బోర్డుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అభిమానుల జోస్యాలు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. 2017 డ్రాఫ్ట్ నుంచి మూడు పేర్లు తీసుకోండి. ఫిన్లాండ్‌లో హెచ్‌ఐఎఫ్‌కే జట్టుకు ఆడిన మీరో హైస్కనెన్: 37 మ్యాచ్‌లలో 10 పాయింట్లు. అల్బెర్టాలో బ్రూక్స్ బ్యాండిట్స్‌కు ఆడిన కేల్ మకార్: 54 మ్యాచ్‌లలో 75. కెనడా జూనియర్ ఆటలో పై మెట్టున ఉన్న అంటారియో లీగ్‌లో కింగ్‌స్టన్‌కు ఆడిన జేసన్ రాబర్ట్‌సన్: 68 మ్యాచ్‌లలో 81. గోల్ వేసినా, వేసేందుకు పాస్ ఇచ్చినా ఒక పాయింట్. పేపర్ మీద చూస్తే మొదటివాడు ఫెయిల్, తర్వాతి ఇద్దరూ డిస్టింక్షన్. కానీ ఎంచుకున్న వరుస చూడండి. హైస్కనెన్ మూడు, మకార్ నాలుగు, రాబర్ట్‌సన్ ముప్పై తొమ్మిది.

హైస్కనెన్ ఆ 10 పాయింట్లు తెచ్చుకున్నది పాతికేళ్లూ ముప్పయ్యేళ్లూ ఉన్న మగవాళ్ల మధ్య, అదీ డిఫెన్స్‌మన్‌గా. జీతం తీసుకుని ఇల్లు నడిపేవాళ్లు పదిహేడేళ్ల పిల్లాడికి పక్ ఊరికే ఇవ్వరు. మకార్ ఆడింది కెనడా జూనియర్ ఆటలో ఒక మెట్టు కింద ఉన్న లీగ్, అక్కడ 75 పాయింట్లంటే ఎంత నమ్మాలన్నది ఆ వసంతమంతా సాగిన చర్చ. ఒక లీగ్ నుంచి ఇంకో లీగ్‌కు వెళ్లిన వందలాది ఆటగాళ్ల స్కోర్లు పోల్చి, ఇక్కడి పాయింట్ అక్కడ ఎంతకు చెల్లుతుందో కట్టే లెక్కలున్నాయి. గాబ్రియెల్ డెజార్డిన్స్ వీటిని ప్రచారంలోకి తెచ్చాడు. రూపాయి, డాలర్, యూరో మారకం రేటు లాంటిదే అనుకోండి. ఆ లెక్క తెలియకముందు నేను రాసుకున్న జోస్యాలు ఇప్పుడు చదివితే, మూడు దేశాల నోట్లు ఒకే కట్టలో పెట్టి లెక్కపెట్టినట్టుంది.

ఆ ఏడాది గురించి ఇంకో మాట కూడా ఉంది. లాటరీలో డాలస్ ఎనిమిదో స్థానం నుంచి మూడుకు ఎగబాకింది. ఫిలడెల్ఫియా ఏకంగా పదమూడు నుంచి రెండుకు వచ్చింది. సంతోషించాల్సిన రోజున నేను బాధపడ్డాను. ఇంకొక్క స్థానం పైకి వచ్చి ఉంటే నోలన్ పాట్రిక్ దక్కేవాడని. రెండేళ్లుగా ఆ డ్రాఫ్ట్‌కు మొదటి పేరు అతనిదేనని అందరూ చెబుతూ వచ్చారు. ఫిలడెల్ఫియా అతన్నే తీసుకుంది. మైగ్రేన్ జబ్బుతో 2019-20 సీజన్ మొత్తం ఆడలేకపోయాడు. మొత్తం 222 మ్యాచ్‌లతో కెరీర్ ఆగిపోయింది. దీన్ని చెడ్డ జోస్యం అనడానికి నాకు మనసొప్పదు. పాట్రిక్ ఆటను తప్పుగా అంచనా వేశామా అంటే, ఆ ఆటను పూర్తిగా చూసే అవకాశమే ఎవరికీ రాలేదు. తలనొప్పితో చీకటి గదిలో పడుకున్న ఇరవై ఏళ్ల కుర్రాడిని "ఫ్లాప్" అని పిలవడం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రాబర్ట్‌సన్ సంగతి వేరు. అతని విషయంలో మంచి జోస్యం చెప్పింది నేను కాదు, మిత్రుడు. అందరూ అన్నట్టే, కాళ్లు నెమ్మది, స్కేటింగ్ ఎన్‌హెచ్‌ఎల్ వేగానికి సరిపోదని నేను రాసుకున్నాను. మిత్రుడు మాత్రం, "కాళ్లకు కోచ్‌లున్నారన్నా, చేతులకు లేరు" అన్నాడు. ఆ ఒక్క మాట నేను చదివిన ఎన్నో రిపోర్టులకన్నా మిన్న. 2022-23లో రాబర్ట్‌సన్ 46 గోల్స్, 63 అసిస్ట్‌లు చేశాడు. 109 పాయింట్లు. ఈ ఫ్రాంచైజ్ డాలస్‌కు వచ్చాక ఒక సీజన్‌లో ఎవరూ అన్ని చేయలేదు. స్కేటింగ్ నెమ్మదన్న మాట ఇలా తిరగబడటం కొత్తేమీ కాదు. 1984లో లుక్ రోబిటైల్‌ను ఇదే కారణంతో 171వ స్థానం దాకా ఎవరూ ముట్టుకోలేదు. 668 గోల్స్‌తో రిటైరయ్యాడు.

కుర్రాడిలో ఏ లోటు సాధనతో పూడుతుంది, ఏది పూడదు అని విడదీసి చెప్పిన జోస్యాలే నా నోటుబుక్‌లో ఎక్కువగా నిలబడ్డాయి. బలం వస్తుంది. మొదటి మూడడుగుల వేగం కొంతవరకు వస్తుంది. పక్ రెండు క్షణాల తర్వాత ఎక్కడ ఉండబోతుందో ముందే తెలియడం మాత్రం పద్దెనిమిది తర్వాత నేర్పితే వచ్చేది కాదని నా నమ్మకం.

ముందు పుట్టినవాడు, వెనక పుట్టినవాడు

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. శనివారం పొద్దున ఆరింటికి రింక్‌లో ఉండాలి. చలికి వేళ్లు వంగవు, అయినా వాడి స్కేట్ల తాళ్లు నేనే బిగించి కట్టాలి. పక్క బెంచీ మీద వాడి జట్టులోనే ఉన్న ఇంకో పిల్లాడు తన తాళ్లు తనే కట్టుకుంటాడు. మావాడి కన్నా తల ఎత్తు పొడవు, భుజాలు అప్పుడే విచ్చుకున్నాయి. ఆటలో మొదటి గోల్ అతనిదే, కోచ్ మొదట దింపేది అతన్నే. ఒకరోజు ఇద్దరి పుట్టినరోజుల ఫారం నింపుతుంటే చూశాను. ఆ పిల్లాడు జనవరి 9, మావాడు నవంబర్ 28. ఒకే ఏడాది, ఒకే వయసు గ్రూపు. కానీ ఆ వయసులో పదకొండు నెలలంటే జీవితంలో పదో వంతు.

పిల్లల హాకీలో వయసు గ్రూపులు జనవరి 1తో లెక్కిస్తారు. పెద్దగా కనబడే పిల్లాడికి మంచి జట్టు దొరుకుతుంది, మంచి కోచ్ దొరుకుతాడు, ఎక్కువ సేపు ఆడిస్తారు. ఏడేళ్లు గడిచేసరికి ఆ తేడా నిజంగానే నైపుణ్యంలో తేడా అయిపోతుంది. కెనడాలో రోజర్ బార్న్స్‌లీ, ఆయన సహచరులు 1985లోనే ఈ సంగతి లెక్కలతో చూపించారు. పై జూనియర్ జట్లలో జనవరి నుంచి మార్చి మధ్య పుట్టినవాళ్లే కిక్కిరిసి ఉంటారు. డ్రాఫ్ట్ మీద 2013లో వచ్చిన మరో పరిశోధన ఇంకో అడుగు ముందుకేసింది. ఒకే స్థానంలో ఎంపికైనవాళ్లను పోలిస్తే, ఏడాది రెండో సగంలో పుట్టినవాళ్లే తర్వాత ఎక్కువ కాలం నిలబడ్డారు, ఎక్కువ పాయింట్లు చేశారు. అంటే స్కౌట్లు, జట్ల కోసం కుర్రాళ్లను వెతికేవాళ్లు, వాళ్లను వాళ్ల విలువ కన్నా కిందనే ఉంచుతూ వచ్చారన్నమాట. అనుభవం ఉన్న స్కౌట్లకే అలా అయితే, వీడియో క్లిప్పులు చూసే మన సంగతి చెప్పక్కర్లేదు. రాబర్ట్‌సన్ జూలైలో పుట్టాడు.

ఇప్పుడు ఏ కుర్రాడి పేరు రాసినా పక్కన ముందు పుట్టిన నెల రాస్తాను. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మా నాయనమ్మ అనేది. ఈ ఆటలో జనవరిలో పూసిన పువ్వు వాసన ముందు వస్తుంది, అంతే.

రెండు కోపాలు

అభిమానులు బాగా కోప్పడ్డ రెండు డ్రాఫ్టులు పక్కపక్కన పెట్టి చూస్తే జోస్యం ఎప్పుడు నమ్మాలో కొంత తెలుస్తుంది.

2016లో వాంకూవర్ ఐదో స్థానంలో డిఫెన్స్‌మన్ ఒల్లి యూలెవిని తీసుకుంది. మాథ్యూ కచక్ ఇంకా మిగిలే ఉన్నాడు. విచిత్రం ఏమిటంటే ఇద్దరూ ఆ ఏడాది ఒకే జట్టువాళ్లు, అంటారియో లీగ్‌లోని లండన్ నైట్స్. ఆ జట్టు జూనియర్ జట్ల పెద్ద పోటీ అయిన మెమోరియల్ కప్ గెలిచింది, ఫైనల్ అదనపు సమయంలో గెలిపించిన గోల్ కచక్‌దే. 57 మ్యాచ్‌లలో 107 పాయింట్లు చేసిన అతనిపై ఉన్న అనుమానం ఒకటే, పక్కన మిచ్ మార్నర్ ఆడుతుండబట్టి అన్ని వచ్చాయేమోనని. వాంకూవర్‌కు డిఫెన్స్‌లో ఖాళీ ఉంది, ఆ ఖాళీ చూసుకుని ఎంచుకుంది. తర్వాతి పేరుగా కాల్గరీ కచక్‌ను ఎగరేసుకుపోయింది. వాంకూవర్ అభిమానుల్లో చాలామంది ఆ రాత్రే మండిపడ్డారు. వాళ్లు కరెక్ట్. యూలెవి వెన్ను, మోకాలి గాయాలతో మొత్తం 41 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లే ఆడాడు. కచక్ ఫ్లోరిడాకు మారి 2024లో, 2025లో కప్పు ఎత్తాడు.

2019లో డ్రాఫ్ట్ అదే వాంకూవర్ నగరంలో జరిగింది. డెట్రాయిట్ వంతు ఆరోది. ఆ జట్టుకు ఒకప్పటి కెప్టెన్ స్టీవ్ ఐజర్‌మన్ జనరల్ మేనేజర్‌గా తిరిగొచ్చాక చేస్తున్న మొదటి ఎంపిక. మోరిట్స్ సైడర్ పేరు చదివారు. కెమెరా అతని మీదకు తిరిగింది. నోరు తెరుచుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, పేరు తనదేనా కాదా అన్నట్టు కూర్చుండిపోయాడు. ఆ ముఖం నాకింకా గుర్తే. చాలా ర్యాంకింగుల్లో అతను పది తర్వాతే ఉన్నాడు. డిలన్ కజెన్స్, ట్రెవర్ జెగ్రస్ మిగిలి ఉండగా ఇదేం పని అని డెట్రాయిట్ అభిమానులు తలలు పట్టుకున్నారు. నేనూ "తొందరపాటు" అని రాసుకున్నాను. 2022లో సైడర్ 50 పాయింట్లతో కాల్డర్ ట్రోఫీ, అంటే ఆ ఏటి మేటి కొత్త ఆటగాడి బహుమతి అందుకున్నాడు.

ఒకే రకం కోపం, ఫలితాలు మాత్రం ఎదురుబొదురు. ఎందుకని చాలా రోజులు ఆలోచించాను. కచక్‌ను, యూలెవిని అభిమానులు ఏడాదంతా చూశారు. ఒకే లీగ్, ఒకే జట్టు, టీవీలో వచ్చే మ్యాచ్‌లు. సైడర్‌ను ఎంతమంది చూశారు? అతను జర్మనీలో మాన్‌హైమ్ జట్టులో పెద్దవాళ్లతో ఆడి, ఆ ఏడాదే అక్కడి లీగ్ టైటిల్ గెలిచాడు. మే నెలలో జర్మనీ తరఫున పెద్దవాళ్ల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆడాడు. సాక్ష్యం అంతా అక్కడే ఉంది, మనం వెళ్లి చూడలేదు. మొదటి కోపం చూసిన ఆట మీద నుంచి వచ్చింది, రెండోది చదివిన లిస్టు మీద నుంచి.

లిస్టుల బలం చిన్నది కాదు. కుర్రాడి పేరు పదిహేనేళ్ల వయసు నుంచి పైన ఉంటే అది అక్కడే ఉండాలనిపిస్తుంది. 1993లో ఒట్టావా అలెగ్జాండర్ డైగ్‌ను మొదటి పేరుగా తీసుకుని ఐదేళ్లకు 1.225 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. కొత్త కుర్రాళ్ల జీతానికి 1995లో లీగ్ హద్దు పెట్టడానికి ఆ కాంట్రాక్ట్ కూడా ఒక కారణం. రెండో వాణ్ని ఎవరూ గుర్తుపెట్టుకోరని డైగ్ ఆ రోజుల్లో అన్న మాట అందరి నోళ్లలో ఉండిపోయింది, ఎందుకంటే ఆ రెండోవాడు క్రిస్ ప్రాంగర్, ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. కానీ డైగ్ 616 మ్యాచ్‌లు ఆడి 327 పాయింట్లు చేశాడన్నది ఎవరికీ గుర్తుండదు. ఏ రెండో రౌండ్ కుర్రాడైనా ఆ కెరీర్‌తో ఇంటికి గర్వంగా వెళ్తాడు. 1999లో అట్లాంటా మొదటి పేరుగా తీసుకున్న పాట్రిక్ స్టెఫాన్ కథ ఇంకా చేదు. వెనకే రెండు, మూడు స్థానాల్లో సెడీన్ కవలలు వాంకూవర్‌కు వెళ్లి, ఒక్కొక్కరూ వెయ్యి పాయింట్లు దాటారు. స్టెఫాన్ చిన్న వయసులోనే తల దెబ్బలు తిన్నాడు, తర్వాత తుంటి నొప్పి ఆటనే ఆపేసింది. జనం మాత్రం 2007 జనవరిలో ఖాళీ గోల్ ముందు పక్ చేజార్చుకున్న ఆ పది సెకన్లే మళ్లీ మళ్లీ చూస్తారు. ఆ రాత్రి అతని జట్టు, అంటే మా డాలస్, చివరికి గెలిచిందన్న సంగతి కూడా ఆ క్లిప్పులో ఉండదు.

చివరి రౌండ్లలో దొరికిన మాణిక్యాల గురించి అభిమానులు గొప్పగా చెప్పుకుంటారు. డెట్రాయిట్ 1998లో పావెల్ డాట్సుక్‌ను 171వ స్థానంలో, 1999లో హెన్రిక్ జెటర్‌బర్గ్‌ను 210వ స్థానంలో పట్టింది. యూరప్ స్కౌట్ హోకన్ ఆండర్సన్ కళ్లకు దండం పెట్టాల్సిందే. అయితే నిజంగా వాళ్లు అంతవారవుతారని తెలిస్తే ఏ జట్టైనా 171 దాకా ఆగుతుందా? అంతకుముందు వేరేవాళ్లను తీసుకుంటుందా? ఆండర్సన్‌కు తెలిసింది వాళ్లలో ఏదో ఉందని, తక్కిన లీగ్‌కు అది కూడా తెలియలేదు. ఆ కొంచెం తేడాయే ఆ జట్టును ఏళ్ల తరబడి నిలబెట్టింది.

గోలీల విషయంలో అయితే ఎవరి జోస్యాన్నీ నేను పట్టించుకోను, నాది కూడా. ఆ స్థానంలో మనిషి కుదురుకునేసరికి పాతికేళ్లు వస్తాయి. 2012లో కానర్ హెలబక్ 130వ పేరు. మేటి గోలీకిచ్చే వెజినా ట్రోఫీలు మూడు, 2025లో లీగ్ మొత్తానికి మేటి ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ. 1983లో డొమినిక్ హషెక్ 199వ పేరు. 2000లో మొదటి పేరుగా వెళ్లిన గోలీ రిక్ డిపియెట్రో, అదే డ్రాఫ్ట్‌లో 205వ పేరు హెన్రిక్ లుండ్‌క్విస్ట్. 2022 మే 15 రాత్రి కాల్గరీలో ప్లేఆఫ్స్ సిరీస్‌ను తేల్చే ఏడో మ్యాచ్. మా జేక్ ఓటింజర్, 2017లో 26వ పేరు, 64 షాట్లు ఆపాడు. సోఫాలో కూర్చున్నవాణ్ని లేచి నిలబడ్డాను, మళ్లీ కూర్చోలేకపోయాను. 67వ షాట్ అదనపు సమయంలో లోపలికి పోయింది. కొట్టింది జానీ గౌడ్రో, 2011లో 104వ పేరు, పొట్టివాడు, లీగ్‌లో నలిగిపోతాడని చాలామంది భయపడ్డవాడు. 2024 ఆగస్టులో సైకిల్ మీద వెళ్తుండగా కారు గుద్ది చనిపోయాడని చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ గోలే.

ఒక్క రాత్రి చూసి రాసిన జోస్యం కూడా నా దగ్గర ఉంది. 2015లో డాలస్ 12వ స్థానంలో డెనిస్ గురియానోవ్‌ను తీసుకుంది. 16లో మాథ్యూ బార్జాల్, 17లో కైల్ కానర్ వెళ్లారు. ఐదేళ్లు ఆ సంగతి తలుచుకుని కుమిలిపోయాం. 2020 ఆగస్టు 20న కాల్గరీ మీద మూడు గోల్స్ వెనకబడ్డ మ్యాచ్‌లో గురియానోవ్ ఒక్కడే నాలుగు వేశాడు. 7-3. సెప్టెంబర్‌లో వేగస్ మీద అదనపు సమయంలో అతను కొట్టిన గోలే డాలస్‌ను ఫైనల్‌కు పంపింది. నేను ఆ రాత్రి "చూశారా, తొందరపడ్డారు" అని పెద్ద అక్షరాలతో రాశాను. 2023లో అతన్ని మాంట్రియల్‌కు ట్రేడ్ చేశారు, కొన్నాళ్లకు రష్యాకు తిరిగి వెళ్లిపోయాడు. నిచుష్కిన్ దగ్గర సున్నా చూసి మోసపోయినట్టే, ఇక్కడ నాలుగు చూసి మోసపోయాను. అతని షాట్ ఎప్పుడూ గొప్పదే. షాట్ దాకా వచ్చే దారి రాత్రి రాత్రికీ మారిపోయేది. అది నాకు తెలుసు, రాయలేదు.

జోస్యం చెప్పినవాళ్లం అది నిజమైతే గుర్తుపెట్టుకుంటాం, కాకపోతే మరిచిపోతాం. అందుకే నోటుబుక్ మానలేదు, పద్ధతి మార్చాను. ఇప్పుడు పేరు పక్కన పుట్టిన నెల, ఆడిన లీగ్, నేను సొంతంగా చూసిన మ్యాచ్‌ల సంఖ్య రాస్తాను. ఆ తర్వాత ఒక కారణం, ఒక్కటే. చివర్లో తిరిగి చూడాల్సిన ఏడాది. ఆ ఏడాది వచ్చేదాకా కొట్టివేత ఉండదు.

2021 పేజీ తీస్తే, ఆ వసంతంలో ప్రపంచ అండర్-18 పోటీలు ఫ్రిస్కోలో, ప్లానోలో జరిగాయి. కోవిడ్ వల్ల అంటారియో లీగ్ ఆ ఏడాది అసలు జరగలేదు, కాబట్టి అక్కడి కుర్రాళ్లను చూసేందుకు స్కౌట్లకు దాదాపు ఇదొక్కటే దిక్కు. కెనడా గెలిచింది. అందరి కళ్లూ షేన్ రైట్, కానర్ బెడార్డ్ మీదే. అదే జట్టులో వయట్ జాన్‌స్టన్ అనే కుర్రాడున్నాడు. జూలైలో డాలస్ అతన్ని 23వ స్థానంలో తీసుకుంటే నా పేజీలో "పరిచయం లేదు" అని ఉంది. మా ఊళ్లోనే ఆడి వెళ్లాడు. మరుసటి సీజన్‌లో 124 పాయింట్లతో అంటారియో లీగ్‌లో అందరికన్నా పైన నిలిచాడు, ఆ తర్వాతి ఏడాది పంతొమ్మిదేళ్లకే డాలస్ జట్టులోకి వచ్చి 24 గోల్స్ వేశాడు. ఆ ఏడాదంతా జట్టులోని సీనియర్ ఆటగాడు జో పవెల్‌స్కీ ఇంట్లో, ఆయన కుటుంబంతో ఉన్నాడు. పవెల్‌స్కీ 2003లో 205వ పేరు, 1,068 పాయింట్లతో రిటైరయ్యాడు.

తర్వాతి పేజీ 2022. మాంట్రియల్ సొంత రింక్‌లో, సొంత జనం ముందు, ఏళ్లుగా మొదటి పేరు అనుకున్న షేన్ రైట్‌ను కాదని యురై స్లఫ్కోవ్‌స్కీని పిలిచింది. రైట్ నాలుగో స్థానంలో సియాటిల్‌కు జారాడు. మొదటి ఏడాది స్లఫ్కోవ్‌స్కీ 39 మ్యాచ్‌లలో 10 పాయింట్లే చేస్తే తప్పు చేశారన్నారు, రెండో ఏడాది 50 చేస్తే ఒప్పన్నారు. 2024-25లో రైట్ 44 చేశాడు. నా పేజీలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. స్లఫ్కోవ్‌స్కీ పక్కన: మార్చి, ఫిన్లాండ్ లీగ్, చూసినవి బీజింగ్ ఒలింపిక్స్ మ్యాచ్‌లు మాత్రమే, కారణం పక్ కాపాడుకునే బలం. రైట్ పక్కన: జనవరి, అంటారియో లీగ్, చూసినవి ఫ్రిస్కోలో రెండు, కారణం షాట్ విడిచే వేగం. ఇద్దరికీ చివరి గడిలో 2029 అని ఉంది.